ఇర్వింగ్ ఫిషర్ – మాంద్యపు అంతు

ఇంటర్మీడియట్‌లో అర్థశాస్త్రం అభ్యసించే విద్యార్థులకు ఇర్వింగ్ ఫిషర్ పేరు సుపరిచితమే. దేశంలో చలామణి అయ్యే ద్రవ్య పరిమాణం, అది చేతులు మారే వేగం, ధరల స్థాయి, జరిగే లావాదేవీలు – ఈ నాలుగింటికీ గల సంబంధాన్ని తెలిపే సమీకరణం ఆయన పేరుతోనే పాఠ్యగ్రంథాలలో స్థిరపడింది. వాణిజ్యశాస్త్ర విద్యార్థులు గణించే ఆదర్శ సూచీ సంఖ్య కూడా ఆయన రూపొందించిందే. అయితే పరీక్ష కోసం ఆ సమీకరణాన్ని వల్లెవేసేవారిలో చాలామందికి దాని కర్త జీవితం తెలియదు. 1929లో అమెరికాలో ఆరంభమైన మహామాంద్యం ఎప్పుడు ముగుస్తుందో లెక్కకట్టి చెప్పడానికి ఆయన పూనుకొన్నాడు. పలుమార్లు చెప్పాడు, పలుమార్లు ఆ మాట తప్పిపోయింది. తన మాటను తానే నమ్మినందున యావదాస్తినీ పోగొట్టుకొన్నాడు. సర్వం పోయిన తరువాత మాంద్య స్వభావాన్ని గురించి ఆయన రాసిన కొద్ది పుటలు మాత్రం నేటికీ ఆర్థికవేత్తలకు అవశ్య పఠనీయాలుగా నిలిచి ఉన్నాయి.

ఫిషర్ 1867 ఫిబ్రవరి 27న న్యూయార్క్ రాష్ట్రంలోని సాగర్టీస్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. తండ్రి జార్జ్ విట్‌ఫీల్డ్ ఫిషర్ క్రైస్తవ మతబోధకుడు. సంపద లేకపోయినా విద్య, నియమబద్ధమైన జీవనం ఆ కుటుంబంలో ఉండేవి. 1884లో కుమారుడు యేల్ విశ్వవిద్యాలయంలో ప్రవేశించబోతున్న తరుణంలో తండ్రి క్షయవ్యాధితో కన్నుమూశాడు. పదిహేడేళ్ళ ఇర్వింగ్‌పై తల్లి, తమ్ముడి పోషణభారం పడింది. తోటి విద్యార్థులకు ప్రైవేటు పాఠాలు చెప్పి, బహుమతుల సొమ్ముతో చదువు సాగించి, 1888లో తరగతిలో ప్రథముడిగా పట్టభద్రుడయ్యాడు. గణితమంటే ఆయనకు ప్రాణం. సుప్రసిద్ధ భౌతికశాస్త్రజ్ఞుడు విల్లర్డ్ గిబ్స్ వద్ద గణితాన్నీ, విలియం గ్రాహం సమ్నర్ వద్ద సమాజశాస్త్రాన్నీ అభ్యసించి, ఆ రెండింటినీ కలిపి పరిశోధన సాగించాడు. 1891లో యేల్ విశ్వవిద్యాలయం అర్థశాస్త్రంలో ప్రదానం చేసిన తొలి డాక్టరేటు ఆయనదే. వస్తువుల ధరలు పరస్పరం ఎలా సర్దుకొంటాయో కళ్ళకు కట్టించడానికి నీటితొట్లతో, మీటలతో ఒక యంత్రాన్ని కూడా నిర్మించాడు. ఒక తొట్టిలో నీటిమట్టం మారితే మిగిలిన తొట్లన్నింటిలోనూ మట్టాలు మారి, చివరకు ఒక సమస్థితికి వచ్చి నిలిచేవి. ఎంత కదిలించినా వ్యవస్థ తనంతట తాను సమస్థితికి చేరుతుందన్న విశ్వాసం ఆ యంత్రంతో పాటే ఆయన మనసులో నాటుకొన్నదని అనుకోవచ్చు. నలభై ఏళ్ళ తరువాత ఆ విశ్వాసమే ఆయనను దెబ్బతీసింది.

1893లో సంపన్న పారిశ్రామికుడు రోలండ్ హజార్డ్ కుమార్తె మార్గరెట్‌తో ఫిషర్ వివాహం జరిగింది. మామగారు న్యూహేవెన్ నగరంలో ఒక విశాలమైన భవనాన్ని దంపతులకు కానుకగా ఇచ్చాడు. 1898లో ఆచార్య పదవి లభించింది. అదే సంవత్సరం తండ్రిని బలిగొన్న క్షయ ఆయననూ పట్టుకొంది. ఆ రోజులలో ఆ వ్యాధికి మందు లేదు. మంచి గాలి, మంచి ఆహారం, విశ్రాంతి – ఇవే చికిత్స. మూడేళ్ళపాటు కొండప్రాంతాలలో, సముద్రతీరాలలో గడిపి ఆయన మృత్యుముఖం నుండి బయటపడ్డాడు. అప్పటినుండి ఆరోగ్య ప్రచారం ఆయనకు ఒక వ్రతమైంది. మితాహారం, వ్యాయామం, పరిశుభ్రమైన గాలి గురించి దేశమంతా తిరిగి ఉపన్యసించాడు. ఒక వైద్యునితో కలిసి 1915లో ఆయన వెలువరించిన ఆరోగ్యగ్రంథం అనేక ముద్రణలు పొందింది. మద్యనిషేధాన్ని గట్టిగా సమర్థించాడు.

ఫిషర్‌కు ఒక విషయం నచ్చితే దానిని సంపూర్ణంగా నమ్మేవాడు. సందేహానికి తావుంచుకొనేవాడు కాడు. ఈ గుణం కొన్ని చోట్ల ఘోరమైన ఫలితాలనిచ్చింది. మానవజాతిని ఏరివేతల ద్వారా మెరుగుపరచవచ్చునన్న సుజనన ఉద్యమానికి ఆయన అమెరికాలో నాయకత్వం వహించాడు. ఆ ఉద్యమం ఎందరో నిస్సహాయులకు బలవంతపు శస్త్రచికిత్సలు జరగడానికి దారితీసింది. దానిని సమర్థించడం ఆయన జీవితంలో చెరగని మచ్చ. సొంత ఇంటిలోనూ ఈ మితిమీరిన నమ్మకం విషాదాన్ని మిగిల్చింది. మానసిక వ్యాధికి గురైన పెద్ద కుమార్తెకు, రుజువు కాని ఒక వైద్య సిద్ధాంతాన్ని నమ్మి శస్త్రచికిత్సలు చేయించగా, 1919లో ఆమె మరణించింది.

ద్రవ్యం గురించి ఆయన చేసిన కృషి దీనికి భిన్నమైనది. 1911లో వెలువడిన ద్రవ్య కొనుగోలుశక్తి గ్రంథం, 1922లో వెలువడిన సూచీ సంఖ్యల గ్రంథం ఆయనకు ప్రపంచఖ్యాతి తెచ్చాయి. రూపాయి అయినా, డాలర్ అయినా, కొలబద్దవంటిదని ఆయన భావన. గజంబద్ద రోజుకొక పొడవు ఉంటే బట్టల వర్తకం ఏమవుతుంది? డాలర్ విలువ సాగి కుదించుకుపోతూ ఉంటే వ్యాపారమూ అలాగే అవుతుందని ఆయన వాదించాడు. వ్యాపారంలోని ఎత్తుపల్లాలను చాలామంది ఋతువుల వలె వచ్చిపోయే చక్రాలుగా భావించేవారు. ఫిషర్ మాత్రం అవి చాలావరకు డాలర్ ఆడించే ఆటలేనన్నాడు. ధరలను స్థిరంగా ఉంచితే ఒడుదొడుకులు తగ్గుతాయన్నాడు. 1923 నుండి తన ఇంటినుండే టోకు ధరల వారపు సూచీని తయారుచేయించి వార్తాపత్రికలకు పంపేవాడు.

ఆచార్యుడు సంపన్నుడైన వృత్తాంతం కూడా ఆసక్తికరమైనదే. రాసుకొన్న చీటీలను త్వరగా వెతికి పట్టుకోవడానికి ఆయన ఒక సాధనం కనిపెట్టాడు. చీటీల అంచులు ఒకదాని కింద ఒకటి కనబడేలా అమర్చిన సాధనమది. దానిని ఎవరూ తయారుచేయడానికి ముందుకు రాకపోవడంతో భార్య సొమ్ముతో తానే ఒక కంపెనీ పెట్టాడు. 1925లో ఆ కంపెనీ మరొక పెద్ద కంపెనీలో విలీనమైంది. అదే తరువాత రెమింగ్టన్ రాండ్‌గా ప్రసిద్ధి పొందింది. ఆచార్యుడు ఒక్కసారిగా ధనవంతుడయ్యాడు. అంతటితో ఆగి ఉంటే ఈ కథ వేరుగా ఉండేది. ఆయన ఉన్న వాటాలను తాకట్టుపెట్టి అప్పులు తెచ్చి, ఆ అప్పులతో మరిన్ని వాటాలు కొన్నాడు. మన సామెతలోని అప్పు చేసి పప్పుకూడు తినే రకం కాదు ఆయన. భోజనంలోనూ మితం పాటించినవాడే. అమెరికా భవిష్యత్తుపై నమ్మకంతో అప్పు చేశాడు. 1929 నాటికి ఆయన ఆస్తి కాగితంపై కోటి డాలర్లకు చేరువలో ఉన్నదని అంచనా.

ఆ సంవత్సరం సెప్టెంబరు 3న న్యూయార్క్ స్టాక్ మార్కెట్‌లో డౌజోన్స్ సూచీ 381ని తాకింది. రెండు రోజులకే రోజర్ బాబ్సన్ అనే వ్యాపార జోస్యుడు పతనం తప్పదని హెచ్చరించాడు. పత్రికలవారు వెంటనే ఫిషర్ అభిప్రాయం అడిగారు. ధరలు కొంత తగ్గవచ్చునేమో గాని, పతనమంటూ ఏమీ జరగదని ఆయన సమాధానమిచ్చాడు. అక్టోబరు మధ్యలో ఒక విందు సభలో మాట్లాడుతూ, వాటాల ధరలు శాశ్వతమైన ఉన్నత భూమికను చేరుకొన్నాయన్న అభిప్రాయం వెలిబుచ్చాడు. పది రోజులు గడవలేదు. అక్టోబరు 24 గురువారం అమ్మకాల వెల్లువ మొదలైంది. 28, 29 తేదీలలో మార్కెట్ కుప్పకూలింది. ఆ విందు సభలో పలికిన ఒక్క వాక్యం ఆయన రాసిన డజన్లకొద్దీ గ్రంథాలకన్నా ఎక్కువ ప్రచారం పొందింది.

ఇంతటి పండితుడు ఎందుకు పొరపడ్డాడు? ఆయన కారణాలు నిరాధారమైనవేమీ కావు. కొత్త యంత్రాలు, విద్యుత్తు, శాస్త్రీయ నిర్వహణ వల్ల పరిశ్రమల లాభాలు నిజంగానే పెరిగాయి. మద్యనిషేధం వల్ల కూడా కార్మికుల ఉత్పాదకత పెరిగిందని ఆయన లెక్కలో చేర్చుకొన్నాడు! అన్నిటికీ మించి, టోకు ధరల సూచీ 1922 నుండి ఇంచుమించు నిలకడగా ఉంది. ధరలు నిలకడగా ఉంటే ఉపద్రవం రాదన్నది ఆయన సిద్ధాంతం. ఆ సూచీలో కనిపించనిది ఒకటే – అప్పు. రైతుల తనఖాలు, ఇళ్ళపై రుణాలు, వాటాలపై రుణాలు దేశమంతటా పేరుకుపోయాయి. ఆయన సొంత ఖాతాలోనూ అదే స్థితి.

మార్కెట్ పడిన తరువాత అందరి మనసులోనూ మెదిలిన ప్రశ్న ఒకటే: ఇది ఎప్పటికి ముగుస్తుంది? 1930 ఆరంభంలో ప్రచురించిన గ్రంథంలో ఫిషర్ సమీప భవిష్యత్తు ఆశాజనకంగానే ఉన్నదని రాశాడు. ఆ మాటకు తగినట్లే నవంబరులో 198కి పడిన సూచీ ఏప్రిల్ నాటికి 294కు ఎగబాకింది. గడ్డుకాలం గడిచిందని దేశాధ్యక్షుడు హూవర్ సైతం భావించాడు. అప్పటి ఆర్థిక జోస్యులలో మిక్కిలి గౌరవం పొందిన హార్వర్డ్ ఎకనామిక్ సొసైటీ పాత మాంద్యాల వక్రరేఖలను పరిశీలించి, కోలుకోవడం త్వరలోనే ఆరంభమవుతుందని నెలల తరబడి ప్రకటిస్తూ వచ్చింది. అందరూ వెనకటి అనుభవాన్నే ప్రమాణంగా తీసుకొన్నారు. వెనకటి మాంద్యాలు ఏడాదికో, ఏడాదిన్నరకో ముగిశాయి గనుక ఇదీ అంతేనన్నారు. ఆ వసంతకాలపు వెలుగు నిలవలేదు. 1930 చివరలో బ్యాంకులు మూతపడసాగాయి. 1933 ఆరంభం నాటికి వేలకొద్దీ బ్యాంకులు నశించాయి. శ్రామికులలో సుమారు నాలుగోవంతు మందికి పనిలేదు. 1932 జూలై 8న డౌజోన్స్ సూచీ 41కి చేరింది.

ఫిషర్ ప్రతి పతనాన్నీ చివరి పతనమనుకొని వాటాలను అట్టేపెట్టుకొన్నాడు. అప్పులవాళ్ళ ఒత్తిడి పెరిగింది. భార్య అక్క కరొలిన్ హజార్డ్ పెద్ద మొత్తాలు అప్పుగా ఇచ్చి ఆదుకొంది. ఆ మొత్తాన్ని ఆయన జీవితాంతం తీర్చలేకపోయాడు. చివరకు మామగారిచ్చిన ఇల్లు కూడా నిలవలేదు. ఆచార్యుడు వీధిన పడకుండా విశ్వవిద్యాలయమే ఆ ఇంటిని కొని ఆయనకు అద్దెకిచ్చింది. కొన్నేళ్ళకు ఆయన దానిని విడిచి చిన్న వసతికి మారవలసి వచ్చింది.

మరొకరైతే మౌనం వహించేవారు. అరవై ఐదేళ్ళ వయస్సులో ఫిషర్ తన లెక్క ఎక్కడ తప్పిందో వెతకసాగాడు. 1932లో ఒక గ్రంథంగానూ, 1933 అక్టోబరులో ఎకనోమెట్రికా పత్రికలో ఒక వ్యాసంగానూ తన సమాధానాన్ని ప్రకటించాడు. దానికే రుణ-ప్రతిద్రవ్యోల్బణ సిద్ధాంతమని పేరు. దాని సారాంశాన్ని ఒక రైతు ఉదాహరణతో గ్రహించవచ్చు. అమెరికాలో 1929లో రైతుకు బుషెల్ గోధుమలకు సుమారు ఒక డాలర్ లభించేది. వెయ్యి డాలర్ల అప్పున్న రైతు వెయ్యి బుషెళ్ళు అమ్మితే రుణవిముక్తుడయ్యేవాడు. 1932 నాటికి ధర సుమారు 38 సెంట్లకు పడిపోయింది. పత్రంపై అప్పు అదే వెయ్యి డాలర్లు; తీర్చాలంటే ఇప్పుడు 2,600 బుషెళ్ళు కావాలి. అతడు ఒక్క గింజ కూడా దాచుకోకుండా అంతా అమ్ముతాడు. అందరు రైతులూ అదే పని చేస్తారు. దానితో ధర ఇంకా పడుతుంది. మిల్లు యజమాని, దుకాణదారుడు, వాటాల కొనుగోలుదారుడు అందరిదీ ఇదే దుస్థితి. విడివిడిగా చూస్తే అప్పు తీర్చడం వివేకమే; అందరూ ఒక్కసారిగా తీర్చబోతే అప్పు బరువు పెరుగుతుంది. గోరుచుట్టుపై రోకటిపోటు అంటే ఇదే. 1933 మార్చి నాటికి అమెరికన్లు తమ అప్పులను డాలర్లలో సుమారు 20 శాతం తగ్గించుకోగలిగారనీ, ఈలోగా డాలర్ కొనుగోలుశక్తి సుమారు 75 శాతం పెరిగినందున నిజమైన రుణభారం 40 శాతం అధికమైందనీ ఫిషర్ గణించాడు.

ఇక్కడే ఆయన పాత నీటితొట్ల యంత్రాన్ని విడిచిపెట్టాడనవచ్చు. పడవ కొద్దిగా ఒరిగితే దానంతట అదే సర్దుకొంటుంది. ఒక హద్దు దాటి ఒరిగిందంటే ఇక సర్దుకోదు, బోల్తాపడుతుంది. ఆర్థికవ్యవస్థ కూడా అంతేనని ఆయన తేల్చాడు. కాబట్టి మాంద్యం ఎప్పుడు ముగుస్తుందన్న ప్రశ్నకు పంచాంగం చూసి తిథి చెప్పినట్లు సమాధానం చెప్పడం కుదరదు. ఊరకే వదిలివేస్తే, దాదాపు అందరూ దివాలా తీసిన తరువాత గాని అది ముగియదు. ధరలను మాంద్యానికి పూర్వపు స్థాయికి తిరిగి ఎత్తితే మాత్రం త్వరలోనే ముగించవచ్చు.

సమాధానం దొరికిన తరువాత ఊరుకొనే స్వభావం కాదు ఫిషర్‌ది. అధ్యక్షుడు రూజ్వెల్ట్‌కు లేఖ వెంట లేఖ రాశాడు. వాషింగ్టన్ వెళ్ళి స్వయంగా కలిశాడు. ప్రజలు డబ్బు దాచుకోకుండా ఖర్చుచేయడానికి ఒక చిత్రమైన పథకం కూడా సూచించాడు. ఒక డాలర్ చీటీపై ప్రతివారం రెండు సెంట్ల బిళ్ళ అతికిస్తేనే అది చెల్లుతుంది. బిళ్ళ ఖర్చు తప్పించుకోవాలంటే ఆ గడువు లోపలే చీటీని ఖర్చుచేయాలి. ఏడాది తిరిగేసరికి బిళ్ళల సొమ్ముతోనే చీటీ విలువ తీరిపోతుంది. దీనిపై 1933లో అమెరికన్ సెనేట్‌లో బిల్లు కూడా ప్రవేశపెట్టారు గాని, అది చట్టం కాలేదు.

ఆ సంవత్సరం మార్చి 4న పదవి చేపట్టిన రూజ్వెల్ట్ ముందుగా బ్యాంకులన్నింటికీ సెలవు ప్రకటించి, సక్రమమైన వాటినే తిరిగి తెరిపించాడు. ఏప్రిల్‌లో డాలర్‌ను బంగారం నుండి విడదీశాడు. ధరలు పైకి కదిలాయి. కర్మాగారాల ఉత్పత్తి జూలై వరకు వేగంగా పెరిగింది. 1934 జనవరిలో ఔన్సు బంగారం ధరను 20.67 డాలర్ల నుండి 35 డాలర్లకు మార్చారు. ఫిషర్ పరమానందభరితుడయ్యాడు. ఈసారి ఆయన చెప్పిన దిశ సరైనదే. వ్యాపార చక్రాల తేదీలను నిర్ణయించే నేషనల్ బ్యూరో ఆఫ్ ఎకనామిక్ రిసెర్చ్ లెక్క ప్రకారం, 1929 ఆగస్టులో మొదలై 43 నెలలు సాగిన ఆ క్షీణత 1933 మార్చిలోనే అడుగు తాకింది. బంగారాన్ని ముందుగా విడిచిన దేశాలు ముందుగా కోలుకొన్నాయని తరువాతి పరిశోధకులు కూడా నిరూపించారు. అయితే కోలుకోవడం వేరు, పూర్వస్థితికి చేరడం వేరు. నిరుద్యోగం ఏళ్ళ తరబడి మిగిలింది. 1937లో మళ్ళీ ఒక మాంద్యం వచ్చిపడింది.

ఈ విషచక్రం మన ప్రాంతాన్నీ వదలలేదు. ఆ సంవత్సరాలలో కృష్ణా, గోదావరి మండలాలలో ధాన్యం ధరలు పడిపోయి, శిస్తు, అప్పులు మాత్రం అలాగే నిలిచాయి. కుటుంబాలు ఒంటిమీది బంగారాన్ని అమ్ముకొన్నాయి. 1938లో మద్రాసు ప్రభుత్వం రైతుల రుణభారాన్ని తగ్గించే చట్టం చేయవలసి వచ్చింది. ఫిషర్ వ్యాసం చదవకుండానే మన రైతులకు ఆ సిద్ధాంతం అనుభవంలోకి వచ్చింది.

మాంద్యకాలంలోనే, 1930 డిసెంబరులో, గణితాన్నీ గణాంకాలనూ అర్థశాస్త్రంతో జోడించే ఎకనోమెట్రిక్ సొసైటీ స్థాపితమైంది. ఫిషర్ దానికి తొలి అధ్యక్షుడు. ఆ సంస్థకు ధనసహాయం చేసిన ఆల్ఫ్రెడ్ కౌల్స్, మార్కెట్ జోస్యుల మాటలను నాలుగేళ్ళపాటు పరీక్షించి, అవి గుడ్డిగా చెప్పినదానికన్నా మెరుగుగా లేవని 1933లో తేల్చాడు. 1988లో ముగ్గురు అమెరికన్ ఆర్థికవేత్తలు ఇంకొక పరీక్ష చేశారు. 1929లో ఫిషర్‌కూ, హార్వర్డ్ సొసైటీకీ అందుబాటులో ఉన్న గణాంకాలను ఆధునిక పద్ధతులతో తిరిగి విశ్లేషించారు. మహామాంద్యం ఇంత తీవ్రంగా ఉంటుందని వాటినుండి పసిగట్టడం నేటి పద్ధతులకూ సాధ్యం కాలేదు. ఫిషర్‌ను పరిహసించేవారు ఈ ఫలితాన్ని కూడా గమనించడం న్యాయం. మాంద్యం ముగిసిందని చెప్పడం సైతం నేటికీ తేలిక కాలేదు. 2009 జూన్‌లో ముగిసిన మాంద్యం ముగిసినట్లు నేషనల్ బ్యూరో ప్రకటించింది 2010 సెప్టెంబరులో!

1935లో ఫిషర్ యేల్ నుండి పదవీవిరమణ చేశాడు. బ్యాంకులు తమ వద్ద జమ అయిన సొమ్ముకు నూటికి నూరుపాళ్ళు నగదు నిల్వ ఉంచాలని అదే సంవత్సరం ఒక గ్రంథం రాశాడు. దానిని గూర్చి మరణపర్యంతం ప్రచారం చేశాడు. 1940లో భార్య మరణించింది. ఎనభయ్యో పుట్టినరోజు జరిగిన రెండు నెలలకు, 1947 ఏప్రిల్ 29న, క్యాన్సర్‌తో న్యూయార్క్‌లో ఆయన కన్నుమూశాడు. చాలాకాలం మరుగునపడిన ఆయన రుణ సిద్ధాంతాన్ని 2008 నాటి ఆర్థిక సంక్షోభంలో ఆర్థికవేత్తలు తిరిగి వెలికితీసి చదివారు. 1929 సెప్టెంబరు 3న తాకిన స్థాయిని డౌజోన్స్ సూచీ తిరిగి అందుకొన్నది 1954 నవంబరులో. అప్పటికి ఫిషర్ మరణించి ఏడేళ్ళు దాటింది.